గళ్ల కాగితం మీద మా వాడ

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం అఖిల మా ఇంటికి వచ్చింది. చంకలో పాత పంచె ముక్కలో చుట్టిన కాగితం ఒకటి ఉంది. అఖిల మా విజయకు మనవరాలు. విజయ కాశిబుగ్గలో మా వాడలో నాతోపాటు పెరిగింది, ఆ వాడలోనే మెట్టింది, ఈ ఎండాకాలం అక్కడే పోయింది. నానమ్మ ఇనుప పెట్టె సర్దుతుంటే పెళ్లి చీర అడుగున ఈ కాగితం దొరికిందట. అఖిల దాన్ని నా రాతబల్ల మీద పరిచి, చుట్టుకుపోకుండా ఒక మూల నా కళ్లజోడు డబ్బా, ఒక మూల నీళ్ల గ్లాసు పెట్టింది. ముందు కలరా ఉండల వాసన తగిలింది. దాని వెనక, చాలా వెనక, ఎండిన గంజి వాసన. ఆ రెండో వాసన వచ్చేసరికి నేను కాగితం చూడటం మాని కళ్లు మూసుకున్నాను.

"కింద మా వాడ పేరున్నది తాతా. నీ పేరు, నానమ్మ పేరు గూడ ఉన్నయి. కని ఇది మా వాడ కాదు. చివరికి పోయినంక మన వాడ ఎడమకు మలుగుతది. ఇందుల కుడికి మలిగింది."

అఖిల ఇప్పుడు వార్డు యువజన కమిటీలో సభ్యురాలు. ఫోను పట్టుకుని వీధివీధీ తిరుగుతూ ఏ ఇంటి ముందు వాననీళ్లు నిలుస్తున్నాయో గుర్తులు పెడుతోంది. వాటితో పోల్చి చూడటానికి పనికొస్తుందేమోనని ఈ పాత పటం తెచ్చింది. వాడ అదేననీ, కాగితమే తిరగబడిందనీ చెప్పాను. ఎట్లా తిరగబడిందని అడిగింది. ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేసినవాణ్ని, ఏ సంగతైనా మొదటి పేరాలోనే తేల్చడం అలవాటు. ఆ రోజు మాత్రం మగ్గం దగ్గర నుంచి మొదలుపెడితే తప్ప చెప్పలేకపోయాను.

మా ఇంట్లో ముందు గదంతా మగ్గమే. నేలలో నడుము లోతు గుంట, ఆ గుంటలోకి కాళ్లు దించి కూర్చున్న బాపు. ఆయన కింది సగం నేలకు చెందినట్టు, పై సగమే మాకు దక్కినట్టు ఉండేది. పొద్దున్నే అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. కండె అంటే, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్ట. బడికి పోయేలోపు నేనూ ఒక గంప నింపాలి. వాడలో ఆడవాళ్లు, పిల్లలు చుట్టేవాళ్లు, మగవాళ్లు నేసేవాళ్లు. వంటింట్లో సర్వపిండి గిన్నెకు అంటుకుని ఎర్రబడుతున్న వాసన, వాకిట్లో గంజి పట్టించిన పడుగు నూలు ఆరుతున్న వాసన, రంగు బాన కింద పొట్టు పొయ్యి పొగ, ఇవన్నీ కలిస్తే మాకు తెల్లారినట్టు. పక్కింటి మగ్గం చప్పుడు మా మగ్గానికి అర క్షణం వెనక వచ్చేది, దాని వెనక ఇంకోటి. పక్క మీదే పడుకుని వింటుంటే, ఎవరో ఒక పెద్ద మనిషి చెప్పులేసుకుని మా వాడ మీదుగా నడిచిపోతున్నట్టూ, ఎంత నడిచినా వాడ దాటనట్టూ ఉండేది.

బాపు నేసేవి పేర్లున్న షత్రంజీలు, అంటే నేల మీద పరిచే జంపఖానాలు. చుట్టుపక్కల ఊళ్ల బడులవాళ్లు, భజన మండళ్లవాళ్లు తమ పేరు అంచున నేయించుకునేవాళ్లు. మా ఇంట్లో వాటిని మంచి ముఖం కిందికి, ముడులూ తెగిన పోగులూ పైకి వచ్చేలా నేసేవారు. నేసేవాడికి బట్ట వెనక వైపే కనిపిస్తుంది. అందుకని గళ్ల కాగితం మీద ముందుగానే అక్షరాలను తిరగేసి గీసుకోవాలి. అలా నేసి, దించి, బోర్లా తిప్పితే పేరు సరిగ్గా కనిపిస్తుంది. పదేళ్లు వచ్చేసరికి ఆ గళ్లు నింపే పని నాదైంది. ఎంత అలవాటైపోయిందంటే బడిలో రెండుసార్లు పలక మీద కూడా అద్దంలో కనిపించినట్టు రాసి దెబ్బలు తిన్నాను. బాపు ఆ మాట విని కోప్పడలేదు. చెయ్యి పనికి అలవాటు పడిందని లోలోపల సంతోషించినట్టున్నాడు.

అమావాస్య నాడు మగ్గాలు ఆగేవి. ఆ మధ్యాహ్నం రాజమల్లు తాత ఇంటి ముందు రెండు షత్రంజీలు పరిచి వాడవాళ్లు కూర్చునేవారు. తాత అందరికంటే పెద్ద, అందరికంటే నెమ్మది. చాయ్ సాసర్లో పోసుకుని అది చల్లారేదాకా ఎవరి వైపూ చూసేవాడు కాదు. ఆ కూడికకు ఒక నియమం ఉండేది. సొంతంగా పడుగు ఎక్కించి మొదటి బట్ట నేసి దించినవాడే మాట్లాడాలి. మిగతావాళ్లు వెనక కూర్చుని వినొచ్చు. అమావాస్య మగ్గానికే కాని కండెలకు కాదు కనుక, రాట్నాలు తెచ్చుకుని చుట్టుకుంటూ వినాలి. మాలో ఎవరైనా నోరు తెరిస్తే తాత తల తిప్పకుండానే "కండెలు అయినయారా?" అనేవాడు. అది తిట్టు కాదు, కానీ దాంతో మేము మళ్లీ రాట్నాల మీదికి వంగేవాళ్లం. కండెలు ఎప్పుడూ అయిపోవు. ఈ పటం గీసిన ఏడు నేను ఇంటర్‌లో ఉన్నాను, విజయ పదో తరగతి. పేపర్ చదివి వినిపించడానికి మమ్మల్ని ముందుకు పిలిచేవారు. చదవడం కాగానే మళ్లీ వెనక్కి.

వెనక వరుసలో మాతోపాటు లచ్చవ్వ పెద్దమ్మ కూర్చునేది. వాడ చివర, ఎడమ వైపు పల్లంలో ఆఖరి ఇల్లు ఆమెది. భర్త పోయాక ఆయన మగ్గం మీద తానే కూర్చుంది. పిల్లలు లేరు. నియమం ప్రకారం ఆమె మాట్లాడొచ్చు, కానీ మాట్లాడినప్పుడు మగవాళ్లు బీడీలు వెతుక్కోవడం మొదలుపెట్టేవారు. వానాకాలం వస్తే వాడ నీళ్లన్నీ, రంగు బానలు కడిగిన ఎర్రనీళ్లతో సహా, ఆమె గడప దాటి మగ్గం గుంటలోకి దిగేవి. మేము బకెట్లతో తోడేవాళ్లం. తోడిన రెండు రోజులకు గుంట గోడల్లోంచి మళ్లీ ఊరేవి. ఆమె గుంట గట్టున కూర్చుని, ఇందులో చేపలు వేస్తాననీ, మీ అమ్మలంతా నా దగ్గరే కొనాలనీ మమ్మల్ని నవ్వించేది. ఆ ఏడు మాత్రం నవ్వకుండా చెప్పింది.

"ఇంకొక్క వానకాలం సూస్త బిడ్డా. ఈసారి గుంటల నీళ్లస్తె మగ్గం ఇప్పేసి షోలాపూర్ పోత, మా తమ్ముని కాడికి. ఆడ మరమగ్గాల కాడ కండెలు సుట్టుకుంట బతుకుత."

మగ్గం ఎక్కిన మనిషి మళ్లీ కండెలకు దిగడమంటే ఏమిటో వెనక వరుసలో ఉన్న మాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఆ ఎండాకాలంలోనే మున్సిపాలిటీ ఇంజనీరు ఒకాయన వచ్చాడు. వాడకు మోరి, అంటే మురుగు కాలువ, కడతామనీ, ఒక వైపే వస్తుందనీ, ఎటు కావాలో వాడవాళ్లే తేల్చుకుని పటం గీసి సంతకాలు పెట్టి ఇస్తే పని తొందరగా అవుతుందనీ చెప్పాడు. మోరి ఎవరి గుమ్మం ముందు నుంచి పోతే వాళ్లకు రంగు నీళ్లు బకెట్లతో మోసే బాధ తప్పుతుంది. పెద్దల ఇళ్లన్నీ కుడి వైపు మెరక మీద ఉన్నాయి. మాదీ అటే. అయితే పటం అనేసరికి పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి విజయ గొంతు వినిపించింది. "మేం గీస్తం తాతా." ఆయన అలవాటుగా అడగబోయేలోపే, "కండెలు అయినయి" అని కూడా అంది. ఒడిలో గంప ఎత్తి చూపించింది. నిజంగానే నిండుగా ఉంది. తాత సాసర్ కింద పెట్టి, కాయిదమే గదా, గీసుకోనీ అన్నాడు.

ఆ మూడు రోజులు ఇప్పటికీ నాకు ఎండలో కాకుండా ఏదో పలచటి ఎర్రటి వెలుతురులో కనిపిస్తాయి. మా దగ్గర టేపు లేదు. పడుగు నూలుకు మూరకొక ముడి వేసి, దాన్ని వాడ పొడుగునా పరిచి ఇంటికి ఇన్ని ముడులని లెక్కపెట్టాం. ఆ లెక్కంతా విజయ తలలో పెట్టుకుంది. ఎటు పల్లమో తేల్చడానికి, వాడ మొదట్లో ఒక బకెట్ ఎర్ర రంగు నీళ్లు కుమ్మరించి దాని వెంట నడిచాం. నీళ్లు రాళ్ల మధ్య ఆగి, ఆలోచించుకుని, మళ్లీ కదిలేవి. కుడి వైపు ఒక్క గడప కూడా తాకకుండా ఎడమకు వాలి, ఇల్లిల్లూ పలకరిస్తూ పోయి లచ్చవ్వ పెద్దమ్మ గుమ్మం ముందు ఆగాయి. ఆమె బయటికి వచ్చి చూసి, చుట్టం వచ్చిండు, చాప ఎయ్యిండ్రి అంది.

పటం నేను గీశాను. బాపు దగ్గర మిగిలిన గళ్ల కాగితం మీద మూరకొక గడి చొప్పున, ఇళ్లకు చిన్న పెట్టెలు గీసి అంకెలు వేసి, మోరి రావాల్సిన వైపు గళ్లన్నీ నీలం పెన్సిల్‌తో నింపాను. తర్వాతి అమావాస్యకు షత్రంజీ మీద పరిచాం. అందరూ వంగి చూశారు. పల్లం వైపే రావాలని మేము చెప్పిన మాటకు కొంత గొణుగుడు వచ్చింది కానీ, ఎర్రనీళ్లు ఎటు పోయాయో వాళ్లూ కళ్లారా చూశారు. రాజమల్లు తాత మొదట వేలిముద్ర వేశాడు. తక్కినవాళ్లూ వేశారు. బాపు సంతకం చేశాడు.

పని మొదలుపెట్టడానికి వచ్చినవాళ్లు వాడ మొదట్లో నిలబడి, పటం చూసి, సున్నంతో గీత పోసుకుంటూ బయలుదేరారు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఆ తెల్లటి గీత మా గుమ్మం ముందు నుంచి, రాజమల్లు తాత గుమ్మం ముందు నుంచి, కుడి వైపున సాగిపోతోంది. చివర మలుపు దగ్గర వాళ్లు కాసేపు తికమకపడ్డారట. పిల్లలు గీసింది కదా, మలుపు తప్పు పడి ఉంటుందిలే అనుకుని ముందుకు పోయారట. విజయ వాళ్ల ఇంటి ముందు నిలబడి నా వైపే చూస్తోంది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. షత్రంజీ మీద పేరు గీసినట్టే వాడను గీశాను. బట్ట వెనక నుంచి చూసినట్టు. అంతమంది నేతగాళ్లు వంగి చూసి, వాళ్ల కన్ను కూడా అలవాటుగా దాన్ని తిప్పుకునే చూసింది కనుక, ఒక్కరికీ తప్పు తోచలేదు.

"నువ్వు గీసినవ్. నువ్వే చెప్పాలె," అంది విజయ. "నేను చెప్తె చాడీ అయితది."

నేను చెప్పలేదు. ఇంజనీరు గురువారం వస్తాడు, తవ్వకం ఆ రోజే. మధ్యలో రెండు రోజులు. పెద్దలు తామే మున్సిపాలిటీవాళ్లతో మాట్లాడి వైపు మార్పించుకున్నారని ఎడమ వైపువాళ్లు, ఇంజనీరే చూసి మార్చాడని కుడి వైపువాళ్లు అనుకుంటున్నారు. ఎవరూ మమ్మల్ని అడగలేదు. ఆ సాయంత్రం బాపు అన్నం తింటూ, మీ అమ్మకు ఇగ బకెట్లు మోసుడు తప్పుతది అన్నాడు. అమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాక కంచం తీసుకుని లేచిపోయాను. తప్పు చేశానని చెప్పుకోవడం కంటే, ఇకమీదట వెనక వరుస నుంచి ఎవరూ ఏమీ గీయలేరన్నది నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇప్పుడు వెనక్కి చూస్తే, అది కూడా నాకు నేను చెప్పుకున్న సాకే అనిపిస్తుంది.

బుధవారం మధ్యాహ్నం లచ్చవ్వ పెద్దమ్మ పిలిచింది. గూట్లోంచి డబ్బా తీసి, మేడారం నుంచి తెచ్చుకున్న బంగారం, అంటే అమ్మవార్లకు ఎక్కించిన బెల్లం, చిటికెడు నా నోట్లో పెట్టింది. పోయిన జాతర నాటిది, రాయిలా ఉంది. కుడి వైపు గీత ఆమె చూసింది. కానీ వేరేలా అనుకుంది. "ముందుగాల ఆ దిక్కు గీసుకున్నరేమొ. తవ్వే యాళకు ఇటు వస్తరు గద? నువ్వు గీసినవ్ గద కొడుకా, నాకేం ఫికర్ లేదు." నేను తల ఊపాను. ఆ బెల్లం కరగడానికి చాలాసేపు పట్టింది. అది కరిగేదాకా ఆమె మగ్గం పక్కనే కూర్చున్నాను. ఆమె ఏదో కూనిరాగం తీస్తూ గుంట గోడకు పసుపు రాస్తోంది.

గురువారం ఇంజనీరు వచ్చేసరికి వాడంతా అక్కడే ఉంది. గడ్డపారలు గీత మీద ఆనించి ఉన్నాయి. నేను ముందుకు వెళ్లాను. "గీత తప్పు సార్. నేనే ఉల్టా గీసిన. మోరి ఎడమ దిక్కు రావాలె." ఇంజనీరు కాగితం తీసి, కింద ఉన్న వేలిముద్రలన్నీ చూపించి, ఇంతమంది చూసి ఇచ్చారు కదా అని విసుక్కున్నాడు. రాజమల్లు తాత నా వైపు చూశాడు. "కండెలు అయినయారా?" అన్నాడు. అప్పుడు విజయ ఇంజనీరు చేతిలోంచి కాగితం లాక్కున్నంత పని చేసి, దాని వెనక వైపు మాకు కనిపించేలా తిప్పి, రెండు చేతులా సూర్యుడికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. ఎండ కాగితంలోంచి దూసుకొచ్చింది. గళ్లు, పెట్టెలు, మలుపు, నీలం పట్టీ, అన్నీ వెలుతురులో తేలాయి. మా వాడ, ఉన్నది ఉన్నట్టుగా, ఆమె చేతుల మధ్య వేలాడుతోంది.

తాత దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు. తర్వాత తన గుమ్మం ముందున్న గీత వైపు చూశాడు. ఆ రెండో చూపు మొదటిదానికంటే పొడుగ్గా ఉందని నాకు జ్ఞాపకం.

"నేసెటోడు గీసిండు, నేసెటోళ్లం సూసినం. ఇగ ఉల్టా గాక ఏమైతది సార్? గీ తప్పు మావోడు తప్ప ఇంకోడు చెయ్యలేడు," అని ఇంజనీరుతో అని, నా వైపు తిరిగాడు. "సొంత బట్ట దించినవారా?"

"లేదు తాతా."

"దించినట్టే. ఇగ మాట్లాడు."

మాట్లాడమనేసరికి నేను విజయ వైపు చూశాను, లెక్కంతా ఆమె దగ్గరే ఉంది. ఏ ఇంటికి ఎన్ని ముడులో, ఎర్రనీళ్లు ఎక్కడెక్కడ ఆగాయో మొత్తం విజయే చెప్పింది, కాగితం దించకుండా. ఎవరూ బీడీలు వెతుక్కోలేదు. ఇంజనీరు బూటుతో గీతను చెరిపాడు. ఈ పటం చెల్లదని విజయకే వదిలేసి, కాగితాలు మళ్లీ పోవాలి, మళ్లీ రావాలి, వానలు అయ్యాకే పని అన్నాడు. తర్వాత నేను పత్రికలో ఎన్నో సవరణలు రాశాను, మూలన చిన్న అక్షరాలతో. నా మొదటి సవరణ మాత్రం అలా నడి వాడలో, ఎండలో పడింది.

బాపు రెండు రోజులు గళ్ల కాగితం తానే నింపుకున్నాడు. మూడో రోజు పొద్దున వెనక వసారాలో చప్పుడైతే లేచి చూశాను. గడ్డపారతో నేల తవ్వుతున్నాడు. నడుము లోతు రావడానికి సాయంత్రమైంది. పోయి మీ పెద్దమ్మ మగ్గం ఇప్పుకరాండ్రి, వానలు పోయేదాక ఈడ నేసుకుంటది అన్నాడు. మేమంతా కలిసి ఆమె మగ్గాన్ని కర్రకర్రగా మోసుకొచ్చాం. ఆ వానాకాలం మా ఇంట్లో ముందొకటి, వెనకొకటి రెండు మగ్గాలు ఆడాయి. అమ్మ బకెట్లు మోస్తూనే ఉంది. లచ్చవ్వ పెద్దమ్మ మగ్గం దిగి ఒక చెయ్యి వేసేది. మీ బాపు మగ్గం నత్తి మాట్లాడుతాంది అని నవ్వేది. నేను ఇద్దరికీ కండెలు చుట్టాను. అవతల ఆమె ఇంట్లో గుంట నిండి, ఎర్రగా, నిశ్చలంగా, ఎవరూ కూర్చోని చోట ఉండిపోయింది. చలికాలంలో మోరి వచ్చింది, ఎడమ వైపు. ఆమె షోలాపూర్ పోలేదు.

ఇదంతా చెప్పేసరికి అఖిల ముందు పెట్టిన చాయ్ చల్లారిపోయింది. ఇప్పుడు మా వాడలో మగ్గాలు రెండే ఉన్నాయి. మోరి మీద పలకలు పరిచారు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేసి వేసి అది ఎత్తు పెరిగింది. ఇళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. లచ్చవ్వ పెద్దమ్మ ఇంట్లో ఎవరో కూలి పనులు చేసుకునే దంపతులు ఇద్దరు పసిపిల్లలతో కిరాయికి ఉంటున్నారట. పోయిన వానకు మంచం కోళ్లు మునిగేదాకా నీళ్లు వచ్చాయట. మా రోజుల్లో మమ్మల్ని ఎవరూ పిలవలేదు. ఇప్పుడు అఖిలను పిలుస్తారు, ముందు వరుసలో కుర్చీ వేస్తారు, ఫోటో తీస్తారు. సోమవారం వార్డు మీటింగులో ఏ రోడ్డు వేయాలో మాత్రం ముందే టైపు చేసి ఉంది. అందులో మా వాడ రోడ్డును మరో జానెడు ఎత్తు లేపడం కూడా ఉంది.

"మాట్లాడెటోళ్ల లిస్టుల నా పేరు లేదు తాతా. నువ్వొచ్చి చెప్పరాదు? పేపరాయన అంటె వింటరు."

వస్తానన్నాను. కానీ వెనక వరుసలో కూర్చుంటానన్నాను. "లిస్టుల పేరు లేదంటె, కండెలు అయినయని చెప్పు."

అఖిల నవ్వింది. "కండెలంటె వాళ్లకేం తెలుస్తది?"

"తెలువకుంటె అడుగుతరు. అడిగితె నీకు మాట దొరుకుతది."

అఖిల కాగితం మీది గ్లాసూ, డబ్బా తీసి, లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. నేను చెప్పకుండానే దాన్ని తిప్పి, వెనక వైపు తనకు కనిపించేలా వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఆ చేతులు విజయ చేతులే. పలచబడ్డ గళ్ల మీద మొదటి నుంచి ఒక్కొక్క ఇల్లూ దాటుకుంటూ ఆమె వేలు ఎడమ వైపుకు, పల్లానికి, నీళ్లు నడిచినట్టే నెమ్మదిగా నడిచి, ఆఖరి ఇంటి మీద ఆగింది.